రేణుక పట్టిన బూడిద

ఆడపడుచు అన్నాక వంటకి వంకలు పెట్టాలి, పుట్టింటి గొప్పలు చెప్పాలి, పండక్కి కొన్న చీర చూసి పెదవి విరవాలి. లోకంలో ఉన్న పద్ధతి అది. హైమవతికి దొరికిన ఆడపడుచు వీటిలో ఒక్కటీ చెయ్యదు. బురద తెచ్చి ఫ్రిజ్‌లో పెడుతుంది.

అదీ మామూలు బురద కాదు. కొల్లేటి అడుగునుంచి లాగిన నల్లటి బురద, మురిగిన కోడిగుడ్డు వాసన. మూరెడేసి ప్లాస్టిక్ గొట్టాల్లో, కరివేపాకు పక్కన, పసిపిల్లల్ని పడుకోబెట్టినట్టు వరసగా పడుకోబెట్టి, “ఇది మూడువేల ఏళ్ళనాటిది వదినా, పెరుగు తగలనివ్వకు” అని చెప్పి మేడెక్కుతుంది భ్రమరాంబ. పెరుగుకి బురద తగలకూడదని కాదు ఆవిడ బాధ. బురదకి పెరుగు తగలకూడదని!

“పెళ్ళిచూపుల్లో ఎవరూ చెప్పలేదండీ ఈ సంగతి,” అంటుంది హైమవతి, పేరంటాల్లో ఎవరు దొరికితే వాళ్ళతో. “అత్తగారు మంచిదా, మామగారికి కోపమా అని అడిగాం గానీ, ఆడపడుచు పెద్దయ్యాక బురద పెంచుతుందా అని మా నాన్నకి అడగాలని తోచలేదు.”

అందరూ నవ్వేవారు. అదే భ్రమరాంబ ఫోటో పేపర్లో పడిన రోజున హైమవతి దాన్ని చక్కగా కత్తిరించి, మినప్పప్పు డబ్బా మూత లోపలివైపు అంటించుకుందని మాత్రం ఎవరికీ తెలియదు. పప్పు నానబోసేటప్పుడల్లా ఒకసారి చూసుకునేది.

భ్రమరాంబ ఆరేళ్ళ కిందట హైదరాబాదులో పెద్ద ఉద్యోగం వదిలేసి, “బురద ఇక్కడుంటే నేనక్కడెందుకు” అంటూ కైకలూరులో అన్నగారింటికి వచ్చేసింది. పెట్టె ఒకటి, యంత్రం ఒకటి. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, “తీరిక లేక” అంటుంది. అబద్ధం కాదు. ఆ యంత్రం చెయ్యడానికి పదకొండేళ్ళు పట్టింది.

యంత్రం పేరు రేణుక. కుట్టుమిషను బల్లమీద అటకపెట్టె బోర్లించినట్టుంటుంది. వచ్చిన కొత్తలో హైమవతి దాని ముందు నిలబడి, “ఇంతకీ ఆ బురదలో ఏం వెతుకుతున్నావు తల్లీ?” అని అడిగింది.

“బూడిద.”

“దానికి కొల్లేటిదాకా ఎందుకు? మా పుట్టింట్లో కట్టెలపొయ్యి ఇప్పటికీ ఉంది.”

భ్రమరాంబ నవ్వకుండా చిటికెడు బురద నీళ్ళలో కలిపి, సన్నజల్లెడలో పోసి, కిందికి దిగినది రేణుక నోట్లో పెట్టింది. తెరమీద ఒక ముక్క కనిపించింది. పగిలిన గాజుపెంకులా ఉంది. అంచున సబ్బునురగలో బుడగ చిట్లినట్టు ఒక వంపు.

“అగ్నిపర్వతం పేలినప్పుడు కరిగిన రాయి నురగలా లేస్తుంది. చల్లారి గాజవుతుంది, పొడిపొడి అవుతుంది. గాలి దాన్ని వేల మైళ్ళు మోసుకొచ్చి ఎక్కడో ఇలాంటి చెరువులో పారేస్తుంది. వెంట్రుకలో సగం మందం కూడా ఉండదు. దాన్ని పట్టుకుంటే ఆ బురద ఏనాటిదో తెలుస్తుంది, ఆనాటి వానలూ కరువులూ తెలుస్తాయి.”

“బావుంది. కానీ ఏ కొండది ఏదో ఎలా తెలుస్తుంది? అన్నీ గాజేగా.”

“వదినా, కళ్ళు మూసుకుని ఆవకాయ రుచి చూసి ఎవరింటిదో చెప్పగలవా?”

“ఎవరింటిదో చెప్పగలను, ఆ ఇంట్లో పిసినారి ఎవరో కూడా చెప్పగలను.”

“రేణుకకీ అంతే. ఒక్కో కొండకీ ఒక్కో పాళ్ళు. ఇక ఎప్పుడు పడిందో అంటావా... ముక్క లోపలికి ఉప్పు ఎంత దిగిందో చూసి ఊరగాయ ఎన్నాళ్ళదో నువ్వు చెప్పవూ? గాజు తడిసిన రోజునుంచీ తడి దాని ఒంట్లోకి దిగుతుంది. అదెంత లోతు దిగిందో రేణుక కొలుస్తుంది. కొత్తదైతే వారం అటూ ఇటూగా చెప్పేస్తుంది. పాతదైతే అంత నిక్కచ్చి కుదరదనుకో.”

ప్రపంచంలో మరే యంత్రమూ అంత సన్నంగా కొలవలేదని హైమవతికి తర్వాత పేపరు చదివితే తెలిసింది. ఆవకాయ ఉపమానం మాత్రం పేపర్లో రాలేదు. వాళ్ళకి తెలియదు పాపం.

కొల్లేటి లంకల్లో జనం భ్రమరాంబని బురదమ్మగారు అనేవారు. గుమ్మళ్ళలంక ముత్యాలు దోనె తోసుకుంటూ సరస్సు మధ్యకి తీసుకెళ్ళేది. రెల్లూ తుంగా వందల ఏళ్ళు కుళ్ళి, బొగ్గు కాబోయి మధ్యలో ఆగిపోయిన నల్లమట్టి అక్కడ ఉంది. ఆ మట్టిలో రేణుక పదకొండు కొండల బూడిద పట్టింది. ఏ కొండ పేలాక కృష్ణా గోదావరుల్లో ఎన్నేళ్ళు నీళ్ళు తగ్గాయో అచ్చు పంచాంగంలా చెప్పింది. నిరుటి వేసవిలో అయితే డాబామీద పళ్ళెంలో పడిన దుమ్ము చూసి, అండమాన్ అవతల సముద్రం అడుగున ఒక కొండ కదులుతోందని అందరికంటే నాలుగు రోజులు ముందు చెప్పింది. పడవలు వెనక్కి పిలిపించారు. అన్నీ ఒడ్డు చేరిన మర్నాడు సముద్రం ఉడికిపోయింది. అప్పటినుంచి భ్రమరాంబ ఫోన్ చేస్తే కలెక్టరు లేచి నిలబడి మాట్లాడతాడని వినికిడి.

అంత తల ఉన్న మనిషికి ఇంట్లో ఒకే ఒక నియమం. “వదినా, గది ఊడ్చుకో, దీపం పెట్టుకో, నీ ఇష్టం. మేడమీద గిన్నెలు మాత్రం ముట్టుకోకు.” నాలుగుసార్లు చెప్పింది.

హైమవతి ముట్టుకోలేదు. అంటే, ఒక్కసారి తప్ప.

దీపావళి వస్తోంది, ఆ మర్నాటినుంచే కార్తీకం. కార్తీకం వచ్చేసరికి ఇంట్లో ఇత్తడి అనేది మసకగా ఉండకూడదని హైమవతికి వాళ్ళమ్మ నేర్పిన చదువు. దేవుడి సామాను, గంట, కుంది, బిందె అన్నీ పెరట్లో పోసుకుని చింతపండూ తెల్లపొడీ వేసి తోమింది. ఇంకేమైనా ఉన్నాయా అని మేడెక్కితే, కిటికీలో సన్నజల్లెడ. దాని చట్రం ఇత్తడిది. చిలుం పట్టి, బురద కట్టి, ఎవరూ లేని అనాథలా ఉంది. భ్రమరాంబ కొల్లేట్లో ఉంది. హైమవతి మనసు ఊరుకోలేదు. జాలీ జోలికి పోకుండా చట్రం ఒక్కటే తోమి, మూడు నీళ్ళల్లో కడిగి, తుడిచి, ఉన్నచోటే పెట్టింది. పెళ్ళికూతురిలా ఉంది జల్లెడ.

భ్రమరాంబ గమనించనేలేదు. ఇత్తడి మెరిస్తే గమనించే తీరిక ఆవిడకెక్కడిది!

*

మూడు వారాల తర్వాత ఒక పొద్దున్న భ్రమరాంబ మేడ దిగి వచ్చి వంటింటి గడపమీద కూర్చుంది. కాఫీ అడగలేదు. హైమవతికి అప్పుడే అనుమానం వచ్చింది.

“వదినా, టోబా.”

“అదేం టిఫినే?”

“సుమత్రాలో కొండ. డెబ్భైనాలుగు వేల ఏళ్ళ కిందట పేలింది. ఏళ్ళ తరబడి ఎండ సరిగా రాలేదంటారు. మనిషి జాతి బొటాబొటిగా మిగిలిందని కొందరంటారు, కాదని కొందరంటారు.” చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంటోంది. “దాని బూడిద దొరికింది. గ్రాము బురదకి ఐదు రేణువులు. తడిసి మూడు వారాలు.”

“మూడు వారాలా? ఆ కొండ లేస్తే అక్కడున్నవాళ్ళకి తెలియదూ?”

“కక్కేముందు త్రేన్పు వస్తుంది కదా. ఎక్కడో పగులులోంచి ఆవిరితోబాటు కాస్త లేచి ఉంటుంది. ఐదు రేణువులు చూడగలిగే కన్ను రేణుకకి తప్ప ఎవరికీ లేదు. నాలుగు చోట్ల తీశాను వదినా. నాలుగింట్లోనూ ఉంది.”

ఆ రోజు ఆవిడ అన్నం తినలేదు. ఆ తర్వాత తిన్నదీ లెక్కలోకి రాదు. పొద్దున్న దోనె, మధ్యాహ్నం రేణుక, సాయంత్రం ఫోన్లు. ఢిల్లీ నుంచి, టోక్యో నుంచి పెద్దపెద్దవాళ్ళు మాట్లాడారు. మాకు నమూనాలు పంపండి, మూడు నెలల్లో చూసి చెబుతాం అన్నారు. మూడు నెలలు ఆగితే రెండో పంట, దాళ్వా నాట్లు పడిపోతాయి. నీళ్ళు పొలాలకి వదిలేశాక, కొండ నిజంగా లేచి వచ్చే రెండేళ్ళు వానలు మొహం చాటేస్తే, తాగడానికి చుక్క ఉండదు. అందుకని కాలువల లాకులు మూసేసి, దాళ్వా ఆపేసి, ఉన్న నీళ్ళు దాచాలా అన్నది పై గురువారం గుమ్మళ్ళలంకలో సభ పెట్టి తేలుస్తామన్నారు. లాకులు మూయించాల్సింది కాలువల శాఖలో ఇంజనీరైన హైమవతి మొగుడు గంగాధరమే.

సభ జరక్కముందే మాట లంకలన్నీ చుట్టేసింది. బురద గొట్టాలు దింపడానికి వచ్చిన ముత్యాలు పెరటి అరుగుమీద కూలబడింది.

“ఎర్రదాన్ని అమ్మేసేమండమ్మగారూ.”

“ఎర్రగేదెనా? చూడిది కదే!”

“చూడిదేనండి. ఏం చేత్తామండి, దాళ్వా లేపోతే గడ్డెక్కడిదండి. అందరూ ఒక్కపాలే తోలేత్తంటే బేరగాడు సగానికి అడిగేడండి.” కొంగుతో మొహం తుడుచుకుంది. “బురదమ్మగారు చెప్పేక ఇంక తిరుగు లేదు కదండీ. నిరుడు సముద్రంలోంచి మా ఆయన పడవ ఎనక్కొచ్చిందంటే ఆవిడ చలవేనండి.”

ఆ మాట మేడమెట్లమీద ఉన్న భ్రమరాంబ చెవిన పడింది. పైకి వెళ్ళిపోయింది. హైమవతి కాఫీ తీసుకుని వెళితే, రేణుక ముందు జుట్టు విరబోసుకుని కూర్చుని, “నాది తప్పైతే ఎంత బావుణ్ణు వదినా” అంది. ఊరికే అనడం కాదు. మొక్కుకున్నట్టు అంది.

*

సోమవారం మధ్యాహ్నం భోజనాల దగ్గర గంగాధరం అడిగాడు. “ఎక్కడి సుమత్రా, ఎక్కడి కొల్లేరు. అప్పుడైనా ఆ బూడిద మనదాకా వచ్చిందని గుర్తేమైనా ఉందా?”

“ఎందుకు లేదన్నయ్యా? కర్నూలు వైపు లోయల్లో పొరలు పొరలుగా ఉంది. తెల్లగా, మెత్తగా. అక్కడివాళ్ళు తవ్వి, మరపట్టి, గిన్నెలు తోముకునే పొడి కింద అమ్ముతారు.”

“ప్రళయంతో అంట్లు తోముకుంటున్నారన్నమాట!” గంగాధరం పొలమారేలా నవ్వాడు.

హైమవతి గరిటె గాల్లోనే ఉండిపోయింది.

“వదినా, చారు.”

“ఆఁ, ఆఁ.”

చారు కంచంలో కాకుండా బల్లమీద పడింది. ఇలాంటిది ఆ ఇంట్లో ముప్ఫై ఏళ్ళలో జరగలేదు.

వాళ్ళు లేచాక హైమవతి పెరట్లోకి వెళ్ళి తెల్లపొడి డబ్బా ముందు గొంతుకూర్చుంది. నెలకోసారి ఆటోలో మైకు పెట్టుకుని, ‘కర్నూలు తెల్లపొడీ, మరకుండదు మసకుండదు’ అని అరుస్తూ వచ్చేవాడి దగ్గర కొన్నది. చిటికెడు వేళ్ళమధ్య రాసి చూసింది. గరగరలాడింది.

అయితే హైమవతి గుడివాడ కాలేజీలో కెమిస్ట్రీ చదివిన మనిషి. తనమీద తానే కేసు పెట్టుకుని తానే వాదించుకుంది. ఈ పొడి డెబ్భైనాలుగు వేల ఏళ్ళనాటిది. భూమిలో ఎన్ని వానలకి తడిసిందో. తడి ఎప్పుడో లోపలిదాకా దిగిపోయి ఉంటుంది. రేణుక మూడు వారాలంటోంది. కనక ఇది అది కాదు. కేసు కొట్టేశారు. హాయిగా ఊపిరి పీల్చుకుని రేపటి చారుకి మిరియాలు దంచుకుందామని రోలు దగ్గర కూర్చుంది.

నిరుటి మిరియాలు. ముడతలు పడి, వాసన చచ్చి ఉన్నాయి. నాలుగు దెబ్బలు వేసేసరికి ఘాటు ముక్కుకెక్కింది. గింజ పాతదే. పగిలిన మొహం కొత్తది.

రోకలి చేతిలోనే ఆగింది.

మరపట్టిన పొడి. ప్రతి రేణువూ పగిలిందే. పగిలిన ఆ కొత్త మొహాన్ని మొట్టమొదట తడిపింది ఎవరయ్యా అంటే, దీపావళికి ముందురోజు, పెరట్లో, చింతపండు చేతులతో, బి.ఎస్సీ. హైమవతి.

మెల్లగా మేడెక్కింది.

“భ్రమరా, ఖాళీ నమూనా పెడుతున్నావా? మట్టి లేకుండా ఉత్త నీళ్ళు. అది పెట్టకుండా లెక్క చూపిస్తే కాలేజీలో మా మేడమ్ కాయితం మొహాన కొట్టేది.”

“పెట్టకుండా ఎలా వదినా? పదింటికొకటి. శుభ్రంగా వస్తోంది.”

“జల్లెడలోంచేనా పోసేది?”

“ఉత్త నీళ్ళకి జల్లెడెందుకు? మట్టే లేదుగా. నేరుగా పోసేస్తాను.”

అదీ సంగతి. అప్పుడు చెప్పి ఉండాల్సింది. మాట పళ్ళదాకా వచ్చింది. నాలుగుసార్లు ముట్టుకోవద్దన్న గొంతు గుర్తొచ్చింది, ఎర్రగేదె గుర్తొచ్చింది. ఈ ఇంట్లో ఇన్నేళ్ళలో హైమవతి చేతికి వంక పెట్టినవాళ్ళు లేరు. వచ్చిన మాట వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోయింది.

“ఏం వదినా?”

“ఏం లేదు. జుట్టు దువ్వుకో.”

*

తన పేరు బయటికి రాకుండా నిజం మాత్రం బయటికి రావాలి. సంసారాలు నడిపినవాళ్ళకి ఇది కొత్త విద్యేమీ కాదు. కూరలో ఉప్పెక్కువైందని పెద్దవాళ్ళకి నోటితో చెప్పం, మజ్జిగ దగ్గరగా జరుపుతాం.

మంగళవారం మధ్యాహ్నం భ్రమరాంబ ఏలూరు వెళ్ళింది. హైమవతి చిటికెడు తెల్లపొడి సీసాలో వేసి, నీళ్ళు కలిపి, రేణుక నోట్లో పెట్టింది. చాలాసార్లు చూసిందే. డాబామీద వానపళ్ళెంలో పడిన దుమ్ము తెచ్చి పెట్టడం భ్రమరాంబే నేర్పింది. ఆరు నిమిషాలు గుంయ్‌మని రేణుక చీటీ కక్కింది.

‘స్థలం 5. టోబా. రేణువులు లెక్కకు మించి. తడిసినది: ఈ రోజు.’

హైమవతికి ఒళ్ళు జలదరించింది. భయంతో కాదు. ఆడపడుచు తలలో పుట్టిన ఈ పెట్టె, తన వంటింటి చిటికెడు పొడిని పట్టుకుని, ఏ సముద్రాలు దాటి, ఏ కొండ కడుపునుంచి వచ్చిందో చెప్పేసింది. పూజగదిలో కూడా ఎప్పుడూ అంత సహజంగా చేతులు జోడించలేదు. తర్వాత సిగ్గేసి దించేసుకుంది.

చీటీ బల్లమీద, పక్కనే అడుగున తెల్లపొడి పేరుకున్న సీసా. అంత తెలివైన మనిషి చూడగానే పోల్చుకోదూ?

తెలివైనవాళ్ళతో వచ్చిన చిక్కే అది. వాళ్ళు ఎదురుగా ఉన్న సీసా చూడరు, కాయితం చూస్తారు. సాయంత్రం భ్రమరాంబ మెట్లు మూడేసి దూకుతూ దిగి, హైమవతిని రెండు చేతులా చుట్టేసింది.

“డాబా పళ్ళెం నువ్వే పెట్టావా వదినా? ఎంత పని చేశావు! ఈ రోజే పడిందట! మన ఇంటిమీదే! లెక్కకి మించి!”

“అది డాబాది కాదు భ్రమరా...”

“గురువారందాకా ఆగడానికి లేదు.” అప్పటికే ఫోన్ చెవి దగ్గరుంది. “కలెక్టర్‌గారూ, రేపే పెట్టాలండీ సభ. అవునండీ, స్థలం ఐదులో కూడా.”

“భ్రమరా, ఒక్క మాట...”

“వచ్చాక వదినా!”

జీపు వచ్చింది. రైతుల కళ్ళముందే చూపించాలని రేణుకనీ జల్లెడనీ దుప్పట్లో చుట్టి ఎక్కించుకుని, రాత్రికి లంకలోనే ఉంటానని వెళ్ళిపోయింది. ఫోన్ చేస్తే ప్రతిసారీ వేరేవాళ్ళతో మాట్లాడుతోంది. మజ్జిగ జరుపుదామనుకుంటే ఉప్పుడబ్బా బోర్లాపడింది.

*

బుధవారం పొద్దున్న గుమ్మళ్ళలంక రైతు భవనంలో కాలు పెట్టడానికి చోటు లేదు. చుట్టుపక్కల లంకలన్నీ అక్కడే ఉన్నాయి. కిటికీ చువ్వలు పట్టుకుని వేలాడేవాళ్ళు కొందరు. బల్ల దగ్గర డిప్యూటీ కలెక్టరు కాయితాలు సర్దుకుంటున్నాడు. పక్కన గంగాధరం. లాకులు మూసే ఉత్తర్వు అతని జేబులోనే ఉంది, సంతకం ఒక్కటే తక్కువ. హైమవతి ఆడవాళ్ళ వరసలో ముత్యాలు పక్కన కూర్చుంది.

భ్రమరాంబ లేచింది. జుట్టు దువ్వుకోలేదు.

“దాళ్వా వెయ్యొద్దని చెప్పడానికి వచ్చాను,” అంది. “నా మాటమీద మీరు ఒక పంట పోగొట్టుకుంటారు. కొండ లేవకపోతే ఈ లంకల్లో మళ్ళీ ఎవరూ నా మొహం చూడక్కర్లేదు. లేస్తే, తాగడానికి నీళ్ళుంటాయి. నేను చూసింది చెప్పాను. కానీ నేనూ మనిషినే. ఎక్కడో పొరబడి ఉండొచ్చు. పదిసార్లు వెతుక్కున్నాను, దొరకలేదు. మీలో ఎవరికైనా దొరికితే ఇప్పుడే చెప్పండి. నేను తప్పని చూపించినవాళ్ళ కాళ్ళకి ఇక్కడే దణ్ణం పెడతాను.”

ఇంత పెద్ద చదువు చదివి, ఇంతమంది ముందు, నన్ను తప్పని చూపించండి బాబూ అని అడిగే మనిషిని హైమవతి ఎక్కడా చూడలేదు. తన తరంలో అలాంటి మనిషి ఉందని, ఆ మనిషికి రోజూ కాఫీ కలిపిచ్చే చెయ్యి తనదేనని అనిపించింది. కూర్చోలేకపోయింది.

“భ్రమరా!”

తలలన్నీ ఇటు తిరిగాయి. గంగాధరం కళ్ళతోనే కూర్చోమన్నాడు.

“ఉత్త నీళ్ళు ఒకసారి ఆ జల్లెడలోంచి పోసి పెట్టు.”

“ఎందుకు వదినా?”

“పెట్టి చూడు.”

భ్రమరాంబ రెండోసారి అడగలేదు. బల్లమీద ఉన్న మంచినీళ్ళ సీసా తీసి, మూత విప్పి, జల్లెడలో పోసింది. దిగిన నీళ్ళు రేణుక నోట్లో పెట్టింది. ఆరు నిమిషాలు. ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు.

‘టోబా. రేణువులు నాలుగు. తడిసినది: ఐదు వారాలు.’

భ్రమరాంబ చీటీ రెండుసార్లు చదివింది. జల్లెడ ఎత్తి వెలుతురుకి పట్టింది. జాలీకీ చట్రానికీ మధ్య అతుకులో గోరు పెట్టి గీకి, ఆ గోరు పళ్ళమధ్య పెట్టుకుని కొరికింది. కరకరమంది. అప్పుడు నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నా నవ్వు ఆగలేదు.

“ఏమైందండీ?” డిప్యూటీ కలెక్టరు లేచి నిలబడ్డాడు.

“ఏమీ అవలేదండీ! ఏ కొండా లేవలేదు! ఇది గిన్నెలపొడి! దాళ్వా వేసుకోండి, అందరూ వేసుకోండి!”

భవనం కప్పు లేచిపోయేలా అరిచారు. ఎవరో గంగాధరాన్ని కుర్చీతో సహా ఎత్తేశారు. ఆ గోలలో హైమవతి పక్కన ఒక్క మనిషి మాత్రం అరవలేదు.

“మరి మా ఎర్రదండీ?” అంది ముత్యాలు, ఎవరినీ కాదు.

డిప్యూటీ కలెక్టరు గోల సద్దుమణిగేదాకా ఆగి కలం తీశాడు. “చాలా సంతోషం. కానీ పైకి కారణం రాయాలి కదండీ. ఆ పొడి జల్లెడలోకి ఎలా వచ్చింది?”

“ఎవరో తోమి ఉంటారండీ,” అంది హైమవతి. “ఇత్తడి కదా. మసగ్గా ఉంటే ఎవరికైనా చెయ్యి ఊరుకోదు.”

భ్రమరాంబ వదినగారి వైపు చూసింది. ఆ చూపు రేణుక చూపులాంటిది. ఎక్కడినుంచి వచ్చిందో, ఎప్పటిదో, అంతా కొలిచేసింది. తర్వాత డిప్యూటీ కలెక్టరు వైపు తిరిగింది.

“రాసుకోండి. పొరపాటు నాది. ఖాళీ నమూనాని జల్లెడలోంచి పంపలేదు. పంపి ఉంటే మొదటిరోజే తెలిసేది. గేదెల్ని అమ్ముకున్నవాళ్ళ సంగతి కూడా నేనే చూసుకుంటాను.”

ఆయన ప్రతి మాటా పైకి చదువుతూ రాసే మనిషి. “డాక్టర్... భ్రమరాంబగారి... అజాగ్రత్త... వలన...”

హైమవతి ఆ రెండు మాటలూ ఒకచోట వినలేకపోయింది. కాళ్ళు వాటంతటవే బల్లదాకా నడిచాయి.

“అది కొట్టెయ్యండి.”

“ఏంటమ్మా?”

“అజాగ్రత్త అని రాశారు చూడండి, అది. ఆవిడ పేరు పక్కన ఆ మాట ఉండడానికి వీల్లేదు.” ఆ మాటమీద వేలు పెట్టి ఉంచింది. “ఎవరో తోమలేదండీ, నేను తోమాను. ముట్టుకోవద్దని నాలుగుసార్లు చెప్పింది, అయినా తోమాను. మొన్న మధ్యాహ్నం నాకు సంగతి తెలిసింది. తెలిసి కూడా నోరు మూసుకుని, నా పేరు రాకుండా తేలిపోతుందని ఒక దొంగచీటీ పెట్టాను. ఆ స్థలం ఐదు మా వంటిల్లండీ. ఆవిడ యంత్రం ఒక్క అబద్ధం చెప్పలేదు. పొడి ఏ కొండదో చెప్పింది, నేను తడిపిన వారం కూడా చెప్పింది.”

భ్రమరాంబ “వదినా, చాల్లే” అంటూ చెయ్యి పట్టుకోబోయింది. హైమవతి చెయ్యి విడిపించుకుని, ఆడవాళ్ళ వరస దగ్గరికి వెళ్ళి ముత్యాలు ఎదుట నిలబడింది.

“ముత్యాలూ, నీ ఎర్రగేదె పోయింది కొండవల్ల కాదు, బురదమ్మగారివల్లా కాదు. నావల్ల. తప్పు నాదే.”